టామ్స్-1 ఎందుకు కుదురుగా ఉండదు

వేసవి ముదిరి తొలకరి పడే రోజుల్లో సంకర జాతి ఆవులున్న ఊళ్ల నుంచి వచ్చే ఫోన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. జ్వరం 106 డిగ్రీలు, మేత ముట్టదు, నెమరు లేదు, భుజం ముందు బిళ్ల కట్టింది, పాలు ఒక్క రోజులో సగానికి పడిపోయాయి. వెళ్లి చూస్తే పొదుగు చుట్టూ, తోక కింద, చెవుల లోపల పిడుదులు. చెవి నరం దగ్గర ఒక చుక్క రక్తం తీసి, స్లైడు మీద పరిచి, గీమ్సా రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఎర్ర రక్తకణాల లోపల చిన్న చిన్న ఉంగరాలు కనిపిస్తాయి. థైలేరియాసిస్. ఆ క్రిమి పేరు థైలేరియా అన్యులేటా, మలేరియా క్రిమికి దూరపు చుట్టం.

"గాలికుంటుకు టీకా వేస్తారు, గొంతువాపుకు వేస్తారు, ఈ పిడుదు జ్వరానికి ఎందుకు వెయ్యరు సార్?" అని పాడి రైతులు అడుగుతుంటారు. చాలా న్యాయమైన ప్రశ్న. కొట్టం దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పేసే సంగతి కాదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. పశువైద్యం చదువుతున్న పిల్లలకీ, గ్రామాల్లో పనిచేసే మిత్రులకీ పనికొస్తుందని ఆశ.

ముందు ఒక మాట. టీకా అసలు లేదనడం నిజం కాదు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వాళ్ల రక్షావాక్-టి ఉంది. అయితే అది బతికున్న టీకా. ఎక్కువ కాలం ల్యాబులో పెంచి పెంచి తీవ్రత తగ్గించిన క్రిమిని, అది కాపురమున్న తెల్ల రక్తకణాలతో సహా, ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచి, అలాగే ఊరిదాకా మోసుకెళ్లి, కరిగించిన వెంటనే వేసేయాలి. మామూలు ఐస్ బాక్సులో పట్టుకుపోయే మందు కాదు. మరి ఇంత తిప్పలెందుకు, ఆ క్రిమి ఒంటి మీదుండే ఒక ప్రోటీన్ తీసి సీసాలో పోసి టీకాగా వేస్తే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. శాస్త్రవేత్తలకీ అలాగే అనిపించింది. 1990లలో దానికి గట్టి ప్రయత్నాలే జరిగాయి. అందుకు ఎంచుకున్న ప్రోటీన్లలో ముఖ్యమైనది టామ్స్-1. ఆ ప్రయత్నాలు ఎందుకు పూర్తిగా ఫలించలేదన్నదే ఈ పోస్టు.

ఆవు ఒంట్లో ఈ క్రిమి నడిచే దారి తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. మన దగ్గర దీన్ని మోసేది హయాలోమా అనటోలికం అనే పిడుదు. పిల్ల దశలో ఉన్న పిడుదు, ఇదివరకే జబ్బు చేసి కోలుకున్న ఆవు రక్తం తాగినప్పుడు క్రిమి దాని కడుపులోకి వెళ్తుంది, పొర విడిచి తర్వాతి దశకు వచ్చిన అదే పిడుదు ఇంకో ఆవును పట్టినప్పుడు లాలాజలంతో పాటు క్రిమిని లోపలికి వదులుతుంది. తల్లి పిడుదు నుంచి గుడ్లకు మాత్రం రాదు. ఆవు ఒంట్లోకి దిగిన క్రిమి (ఈ దశలో దాన్ని స్పోరోజాయిట్ అంటారు) నేరుగా తెల్ల రక్తకణంలోకి దూరుతుంది. అక్కడ అది చేసే పని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ కణాన్ని క్యాన్సర్ కణం మాదిరి ఆగకుండా విభజన చెందేలా మార్చేసి, కణం రెండుగా చీలేటప్పుడు ఆ చీలిక యంత్రాంగాన్నే పట్టుకుని తానూ రెండుగా పంచుకుంటుంది. భుజం ముందు బిళ్ల కట్టేది అందుకే. ఈ జబ్బుకు వేసే బుపార్వాక్వోన్ ఇంజెక్షన్‌తో క్రిమి చస్తే కణం ఆ పరుగు ఆపేస్తుంది. ఇలా వెనక్కి తిరిగి వచ్చే గుణం వల్లే క్యాన్సర్ మీద పనిచేసేవాళ్లు కూడా దీన్ని చదువుతున్నారు. చివరికి ఆ తెల్ల కణాల్లోంచి మెరోజాయిట్లు, అంటే క్రిమి తర్వాతి దశ, బయటపడి ఎర్ర రక్తకణాల్లో చేరతాయి, స్లైడులో మనకు కనిపించే ఉంగరాలు అవే.

ఈ మెరోజాయిట్ పైపొర మీద అన్నిటికంటే ఎక్కువగా పరుచుకుని ఉండే ప్రోటీన్ టామ్స్-1. బరువు సుమారు 30 నుంచి 32 కిలోడాల్టన్లు, అంటే ప్రోటీన్లలో చిన్నదే. జబ్బు నుంచి కోలుకున్న ఆవు రక్తంలో దీనికి వ్యతిరేకంగా యాంటీబాడీలు బాగా దొరుకుతాయి. పైన కనబడుతోంది, పుష్కలంగా ఉంది, ఆవు దాన్ని గుర్తుపడుతోంది. టీకా చేయాలనుకునేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఒక ఆవు నుంచి తీసిన టామ్స్-1 జన్యువునూ ఇంకో ఆవు నుంచి తీసినదాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే అవి ఒకటి కాదు. మూడోది తెస్తే అది ఆ రెంటికీ వేరు.

ఆ తేడా అంతటా సమానంగా ఉండదు కూడా. ప్రోటీన్‌లో కొన్ని భాగాలు ఎక్కడ చూసినా ఒకేలా ఉంటాయి, బహుశా నిర్మాణం నిలబడటానికి అవి అవసరం. కొన్ని చోట్ల మాత్రం, ముఖ్యంగా చక్కెర గొలుసులు అతుక్కునే వీలున్న స్థానాల దగ్గర, ప్రోటీన్‌ను కట్టే ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు ఇష్టం వచ్చినట్టు మారిపోతుంటాయి. జన్యువులో ఒక అక్షరం మారినంత మాత్రాన ప్రోటీన్ మారాలని లేదు, చాలా మార్పులు ప్రోటీన్‌ను తాకకుండానే పోతాయి. టామ్స్-1లో కొన్ని ప్రాంతాల్లో ప్రోటీన్‌ను మార్చే మార్పులే లెక్కకు మించి కనబడతాయి. ఇది యాదృచ్ఛికంగా జరిగేది కాదు. మారినవాటిని ఏదో ఒకటి ఏరి ఏరి బతికిస్తోంది. ఆ ఏరేది ఆవు రోగనిరోధక శక్తే అని ఎక్కువమంది నమ్మకం, నాదీ అదే.

గ్లాస్గో, ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2000లో ప్రచురించిన ఒక పని ఈ విషయంలో నాకు చాలా ఇష్టం. వేర్వేరు దేశాల నుంచి వచ్చిన టామ్స్-1 జన్యువులను వరసగా పేర్చి చూస్తే, ఒకదాని నుంచి ఒకటి మెల్లగా మారుతూ వచ్చిన వంశవృక్షంలా లేవవి. ఒక జన్యువు మొదటి ముక్క ఇక్కడిది, నడిమి ముక్క ఇంకెక్కడిదో, చివరిది మూడో చోటిది. పాత చీరల ముక్కలు కలిపి అమ్మమ్మలు కుట్టే బొంత లాంటిదన్నమాట, ముక్కలు పాతవే, కూర్పు మాత్రం ప్రతిసారీ కొత్తది.

ఈ కుట్టుపని జరిగేది ఆవులో కాదు, పిడుదు కడుపులో. ఆవు ఒంట్లో ఉన్నంతకాలం ఈ క్రిమికి ప్రతి క్రోమోజోమూ ఒక్క ప్రతే ఉంటుంది, ఉన్నవి మొత్తం నాలుగు క్రోమోజోములు. పిడుదులోకి వెళ్లాక ఆడ మగ బీజకణాలు తయారై కలుస్తాయి. ఆ ఆవులో ఒకే రకం క్రిమి ఉండుంటే కలయికలో కొత్తదేం పుట్టదు. రెండు మూడు రకాలు ఉంటే అప్పుడు జన్యువుల ముక్కలు చేతులు మారతాయి. ట్యునీషియా, టర్కీ దేశాల పశువుల్లో చూసినప్పుడు ఒక్కో ఆవులో ఒకటి కాదు, ఎన్నో రకాలు కలగలిసి ఉండటమే మామూలు అని తేలింది. వయసు మీరిన పశువుల్లో ఇంకా ఎక్కువ, ఏటేటా కొత్త పిడుదులు కొత్తవి తెచ్చి చేరుస్తాయి కదా. అంటే బాగా కోలుకుని, నిక్షేపంగా పాలిస్తున్న పెద్ద ఆవు కూడా రక్తంలో ఎన్నో రకాలను దాచుకుని ఉంటుంది, దాన్ని పట్టిన ప్రతి పిడుదు పిల్లా ఒక కొత్త కలయికకు చోటిస్తుంది.

ఇక్కడ ఇంకో ఆసక్తికరమైన సంగతి. టీకాతోనూ రోగనిరోధక శక్తితోనూ సంబంధం లేని డీఎన్ఏ గుర్తులతో పోల్చినప్పుడు ట్యునీషియా క్రిములు ఒక గుంపుగా, టర్కీవి ఇంకో గుంపుగా విడిపోయాయి. మధ్యధరా సముద్రానికి అటొకటి ఇటొకటి కాబట్టి అది సహజమే. టామ్స్-1 విషయంలో మాత్రం దేశాల వారీ గుంపులు స్పష్టంగా కనబడలేదు. ఈ రెండిటినీ కలిపి చదివితే నాకు అర్థమైంది ఇది: ఏ ప్రాంతంలోనైనా ఒక రకం బాగా పెరిగితే అక్కడి పశువుల రక్తం దాన్ని గుర్తుపట్టడం మొదలెడుతుంది, అప్పుడు అరుదుగా ఉన్న రకానికి లాభం. అలా ఏ రకమూ పూర్తిగా గెలవదు, ఏదీ పూర్తిగా పోదు. పాత రకాలన్నీ అన్ని చోట్లా కాస్త కాస్త మిగులుతాయి. కాబట్టి మన జిల్లాలో ఫలానా రకం ఉంది, దానికి టీకా చేసుకుందాం అనే ఆలోచన మొదటి అడుగులోనే తడబడుతుంది.

పై ప్రోటీన్‌ను మార్చే క్రిములన్నీ ఒకేలా మార్చవని కూడా చెప్పాలి, విద్యార్థులు ఇక్కడ తరచూ గందరగోళపడతారు. సర్రా జబ్బు తెచ్చే ట్రిపనోసోమా, ఎర్ర మూత్రం జబ్బు తెచ్చే బెబీసియా బోవిస్ ఒకే పశువు ఒంట్లో ఉండగానే బయటికి కనబడే ప్రోటీన్‌ను మార్చేసుకుంటాయి, ట్రిపనోసోమా తన పైపొర మీద, బెబీసియా తానున్న ఎర్ర రక్తకణం పైపొర మీద. బెబీసియా దగ్గర వెసా-1 అనే ప్రోటీన్ కోసం సుమారు 150 జన్యువుల నిల్వ ఉంది, ఒకదాని ముక్కలు ఇంకోదాంట్లోకి నకలు చేసుకుంటూ రోగనిరోధక శక్తికి అందకుండా నెలల తరబడి దాక్కుంటుంది. థైలేరియా దగ్గర టామ్స్-1 జన్యువు ఒక్కటే. ఫలానా క్రిమి పుట్టుకతో ఏ రకం ప్రోటీన్ తెచ్చుకుందో ఆవు ఒంట్లో ఉన్నంతకాలం దానిదీ, దాని సంతానానిదీ అదే. తేడా అంతా మందలో, తరాల్లో, పిడుదుల్లో ఉంది. బయటికి రెండూ మారే ప్రోటీన్లే, కానీ టీకా తయారుచేసేవాడికి ఇవి రెండు వేరు వేరు లెక్కలు.

మరి టామ్స్-1తో చేసిన టీకాలు ఏమయ్యాయి? పూర్తిగా విఫలం కాలేదు. ప్రయోగంలో టీకా వేసిన పశువుల్లో కొన్ని తట్టుకున్నాయి, కొన్ని తట్టుకోలేదు. స్పోరోజాయిట్ మీదుండే స్పాగ్-1 అనే ఇంకో ప్రోటీన్‌తోనూ, రెండూ కలిపీ ప్రయత్నించారు, అక్కడా జబ్బు తీవ్రత తగ్గింది గానీ రైతుకు ధైర్యంగా చెప్పగలిగే రక్షణ రాలేదు. ఆ ప్రయోగాల్లో ఎక్కువ వాటిలో టీకాలో ఏ రకం వాడారో దాదాపు అదే రకంతో పశువును పరీక్షించారన్నది మర్చిపోకూడదు. కొట్టంలో అలా ఉండదు, అక్కడ ఒక్కో పిడుదు నాలుగైదు రకాలు కలిపి ఎక్కిస్తుంది.

నా అభిప్రాయం ఏమిటంటే, ఇక్కడ మార్పు ఒక్కటే అడ్డంకి కాదు. మనం ఏ దశను పట్టుకున్నామన్నది కూడా సమస్యే. మెరోజాయిట్లు బయటికొచ్చే సమయానికి ఆవు సగం జబ్బు అనుభవించేసి ఉంటుంది. నిజంగా ప్రాణం తీసేది తెల్ల కణాల్లోని దశ, దాన్ని అదుపులో పెట్టేవి యాంటీబాడీలు కాదు, టి కణాలు, అంటే జబ్బు పట్టిన కణాలను వెతికి చంపే తెల్ల రక్తకణాలు. బతికున్న టీకా పనిచేసేది కూడా అందుకే, ఆ దశనే ఒంట్లోకి పంపి టి కణాలకు నేర్పుతుంది. టామ్స్-1 ఇంత స్వేచ్ఛగా మారగలుగుతోందంటే ఆ మారే ముక్కలు లేకపోయినా క్రిమికి గడుస్తుందనే కదా. మనం గురి పెట్టాల్సింది అది మార్చుకోలేని భాగాల మీద.

తూర్పు ఆఫ్రికాలో దీని దాయాది థైలేరియా పార్వా ఈస్ట్ కోస్ట్ ఫీవర్ తెస్తుంది, అక్కడి అనుభవం ఇంకా విచిత్రం. మన స్పాగ్-1కు సాటి వచ్చే పీ67 అనే ప్రోటీన్ అక్కడ ఆవుల నుంచి తీసిన క్రిముల్లో దాదాపు మార్పే లేకుండా ఉంటుంది, కానీ టి కణాలు గుర్తుపట్టే ప్రోటీన్లు మారిపోతుంటాయి, అందువల్ల ఒక రకంతో కోలుకున్న ఆవు ఇంకో రకానికి పడిపోవచ్చు. అందుకే కెన్యాలోని ముగుగాలో తయారైన టీకాలో మూడు రకాల క్రిములను కలిపి, బతికున్నవాటినే ఎక్కించి, వెంటనే ఎక్కువ కాలం పనిచేసే టెట్రాసైక్లిన్ ఇస్తారు. ముగుగా కాక్‌టెయిల్ అంటారు దాన్ని. తీరా 2015లో ఆ మూడింటి జన్యువులు పూర్తిగా చదివి చూస్తే రెండు దాదాపు ఒకటేనని తేలింది. అయినా టీకా పనిచేస్తోంది! పైకి కనిపించే వైవిధ్యమంతా రక్షణకు అడ్డం కాదని, ఏ మార్పు ముఖ్యమో ఏది కాదో విడదీసి చూడాలని దీన్నిబట్టి నాకు అనిపిస్తుంది. మన అన్యులేటా విషయంలో ఇది ఇంకా ఊరట, ఒక దేశపు రకంతో తయారైన బతికున్న టీకా వేరే రకాల మీద కూడా బాగానే కాపాడుతుంది.

టీకా సంగతి అలా ఉంచితే, ఈ వైవిధ్యం రోజువారీ పనిలో మన ల్యాబుల్ని తాకే చోటు ఇంకోటి ఉంది. థైలేరియాకు చేసే పాత పీసీఆర్ పరీక్ష (క్రిమి డీఎన్ఏ ముక్కను ఎన్నో నకళ్లుగా పెంచి పట్టుకునేది) టామ్స్-1 జన్యువు మీదే ఆధారపడింది, 721 అక్షరాల ముక్కను పెంచి చూస్తారు. మారుతూ ఉండే జన్యువు మీద పరీక్ష కట్టుకుంటే, ప్రైమర్ (ఆ ముక్కను వెతికి పట్టే చిన్న డీఎన్ఏ తునక) అతుక్కోవాల్సిన చోట రెండక్షరాలు తేడా వచ్చినా క్రిమి ఉండి కూడా నెగెటివ్ వచ్చే ప్రమాదం ఉంది. తర్వాత వచ్చిన సైటోక్రోమ్ బి జన్యువు పరీక్ష ఇంతకన్నా సున్నితమైనది, ఎందుకంటే ఆ జన్యువు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉంటుంది, ఒక్కో క్రిమిలో చాలా ప్రతులుంటాయి. స్లైడులో ఏమీ కనబడక, టామ్స్-1 పీసీఆర్ నెగెటివ్ వచ్చి, ఆవు మాత్రం బిళ్ల కట్టి జ్వరంతో మూలుగుతుంటే రిపోర్టును నమ్మి మందు ఆపకండి, దయచేసి.

ఆ సైటోక్రోమ్ బి మీద ఇంకో కన్ను కూడా వేసి ఉంచాలి. బుపార్వాక్వోన్ పనిచేసేది అక్కడే. ట్యునీషియా, ఇరాన్, టర్కీ, సూడాన్‌లలో ఆ జన్యువులో మార్పులొచ్చి మందుకు లొంగని క్రిములు బయటపడ్డాయి. టామ్స్-1 మారితే టీకా తయారుచేసేవాళ్లకు తలనొప్పి. సైటోక్రోమ్ బి మారితే మన చేతిలో ఉన్న ఏకైక నమ్మకమైన ఇంజెక్షన్ చేజారుతుంది. దానికి ప్రత్యామ్నాయం ఇవాళ సంచిలో లేదు. తక్కువ మోతాదు వేసి సరిపెట్టడం, జ్వరం వచ్చిన ప్రతి ఆవుకూ అనుమానంతోనే పొడిచేయడం మానుకోవాలని అందుకే అంత గట్టిగా చెబుతుంటాను.

ఇదే కుటుంబంలోని ఇంకో క్రిమి, థైలేరియా ఒరియంటాలిస్, దాని గురించి ఒక్క మాట. టామ్స్-1కు సాటి వచ్చే దాని పై ప్రోటీన్‌లోని తేడాలను బట్టే ఇకెడా, చిటోసె, బఫెలి అని రకాలు విడదీశారు. అందులో ఇకెడా రకం 2012 నుంచి న్యూజిలాండ్ పాడి పశువుల్ని బాగా దెబ్బతీసింది. ఒకప్పుడు ఇది పెద్దగా హాని చేయదని పుస్తకాల్లో ఉండేది. కేరళలో సంకర జాతి పశువులు దీనితో చనిపోయినట్టు 2011లోనే నమోదైంది. స్లైడులో దీన్నీ అన్యులేటానూ విడదీయడం చాలా కష్టం, బఫెలినీ ఇకెడానూ అయితే జన్యువు చదవకుండా విడదీయలేం.

మళ్లీ రైతు అడిగిన టీకా దగ్గరికి వస్తే, నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ప్రోటీన్ టీకా వస్తుంది, కానీ ఎదురుచూస్తూ కూర్చునే అవసరం లేదు. ఉన్న బతికున్న టీకాకు ద్రవ నైట్రోజన్ కావాలి, నిజమే. కానీ ద్రవ నైట్రోజన్ మన ఊళ్లకు కొత్త కాదు! గోపాలమిత్రల దగ్గర, పశువుల ఆసుపత్రుల్లో కృత్రిమ గర్భధారణ కోసం ఆ క్యాన్లు ఉన్నాయి, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్), జెర్సీ వీర్యం వాటిలోనే ఊరూరా తిరుగుతోంది. ఈ జబ్బుకు తొందరగా పడిపోయే పశువులు మన కొట్టాల్లోకి వచ్చిన దారి అదే. ఒకే మోతాదు క్రిమిని ఎక్కిస్తే హోల్‌స్టీన్ దూడలు కుప్పకూలగా దేశవాళీ సాహివాల్ దూడలు తట్టుకుని నిలబడ్డాయని 2005లో ప్రచురించిన ప్రయోగం స్పష్టంగా చూపించింది. పాలకోసం సంకర పశువుల్ని పెంచమని చెప్పినవాళ్లం మనమే కాబట్టి వాటిని కాపాడే టీకాను కూడా అదే క్యాన్లలో, అదే మనుషులతో, పిడుదుల కాలం మొదలవకముందే పంపే ఏర్పాటు చేయడం మన బాధ్యత. చూడి ఆవులకు, జ్వరంతో ఉన్నవాటికి వేయకూడదన్న జాగ్రత్తలు నేర్పడం పెద్ద పనేం కాదు.

ఈలోగా పిడుదుల మీద మందు కొట్టడం ఎలాగూ తప్పదు. ఆవు ఒంటికి మాత్రమే కొడితే సగం పనే, ఈ జాతి పిడుదు కొట్టం గోడ పగుళ్లలో, గాటి కింద సందుల్లో దాక్కుంటుంది. పగుళ్లు పూడ్చండి, గోడలకు కూడా మందు కొట్టండి. ఒంటి మీద పిడుదు కనబడిన రోజే తీసేయండి. అది పట్టుకుని రెండు మూడు రోజులు రక్తం తాగాకే సాధారణంగా క్రిమి దాని లాలాజలంలో పండి బయటికొస్తుంది, ఆ లోపు తీసేస్తే ఆవు బతికిపోయే అవకాశం ఎక్కువ.

ఫీల్డులో ఉన్న డాక్టర్లకు ఒక విన్నపం. మన మందల్లో ఏ రకం టామ్స్-1 తిరుగుతోంది, సైటోక్రోమ్ బి ఎలా ఉంది అన్నది ట్యునీషియా చూసి ఊహించుకునే బదులు మన పశువుల రక్తంలోనే చూద్దాం. స్లైడు తీసే ప్రతిసారీ ఇంకో చుక్కను ఫిల్టర్ పేపర్ మీద వేసి, నీడన ఆరబెట్టి, విడి కవరులో పెట్టి, తేమ తగలకుండా సిలికా పొట్లం వేసి ఉంచండి. పైన పెన్సిల్‌తో ఊరు, నెల, పశువు జాతి, వయసు, టీకా వేశారా లేదా, బుపార్వాక్వోన్ ఎప్పుడు ఎంత వేశారు రాయండి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్, ఏ వెటర్నరీ కాలేజీ దగ్గరైతే అక్కడి పారాసైటాలజీ విభాగంలో ముందే మాట్లాడి పంపవచ్చు. పూర్తి మోతాదు వేసినా జ్వరం దిగని కేసు ఎదురైతే మాత్రం మందుకు ముందు తీసిన చుక్క, తర్వాత తీసిన చుక్క రెండూ ఒకే కవరులో పెట్టకుండా విడివిడిగా, అదే రోజు పంపండి.